కార్యాలయ యంత్రాల ఆపరేటరు

కార్యాలయంలో ఉత్తరం చిత్తు రాసేది ఒకరు, దాని మీద సంతకం చేసేది మరొకరు. ఆ ఇద్దరికీ మధ్య ఆ కాగితాన్ని టైపు చేసి, నకళ్లు తీసి, లెక్కలు కూడి, తపాలుకు సిద్ధం చేసే ఉద్యోగి కార్యాలయ యంత్రాల ఆపరేటరు. టైపిస్టు, రోనియో ఆపరేటరు, టెలెక్స్ ఆపరేటరు, లెక్కల మిషను ఆపరేటరు, జిరాక్స్ ఆపరేటరు, డేటా ఎంట్రీ ఆపరేటరు అంటూ కాలాన్ని బట్టి ఈ ఉద్యోగికి చాలా పేర్లు వచ్చాయి. ప్రతి పేరూ ఎదురుగా ఉన్న యంత్రాన్ని బట్టి పెట్టిందే. యంత్రం మూలన పడితే ఆ పేరుతో ఉన్న పోస్టు కూడా మూలన పడుతుంది. ఈ వృత్తి చరిత్ర పొడుగునా జరిగింది ఇదే.

వృత్తుల అంతర్జాతీయ వర్గీకరణల్లో దీని జాడ స్పష్టంగా కనిపిస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1968 వర్గీకరణలో స్టెనోగ్రాఫర్లకు, టైపిస్టులకు, కార్డులు పంచ్ చేసేవారికి కలిపి ఒక వర్గం ఉంది. లెక్కల యంత్రాలు నడిపేవారికి ఇంకో వర్గం ఉంది. 1988 నాటికి లెక్కల యంత్రాల వారు ఒక చిన్న ఉపవర్గంగా కుదించుకుపోయారు. 2008 వర్గీకరణలో ఆ ఉపవర్గమే లేదు. టైపిస్టులు, డేటా ఎంట్రీ గుమాస్తాలు మిగిలారు. అమెరికా ప్రభుత్వ వర్గీకరణలో మాత్రం ‘కంప్యూటరు మినహా కార్యాలయ యంత్రాల ఆపరేటర్లు’ అన్న వర్గం విడిగా ఉంది. నకళ్లు తీయడం, స్కాన్ చేయడం, ఉత్తరాలు మడిచి కవర్లలో పెట్టే యంత్రాలను నడపడం అందులోకి వస్తాయి.

టైపు మిషను

అమెరికాలోని మిల్వాకీ నగరానికి చెందిన క్రిస్టఫర్ షోల్స్, అతని సహచరులు రూపొందించిన టైపు మిషన్ను రెమింగ్టన్ సంస్థ 1874లో అమ్మకానికి పెట్టింది. దాని మీటల వరసే కొద్ది మార్పులతో ఈనాటి సెల్‌ఫోను తెర మీద కూడా ఉంది. భారతదేశంలో తయారైన తొలి టైపు మిషన్లు 1955లో గోద్రెజ్ సంస్థ నుంచి వచ్చాయి. అదే సంస్థ 2009లో ఆఫీసు టైపు మిషన్ల తయారీని ఆపేసింది. ఈ రెండు సంవత్సరాల మధ్య కాలమే మన ఊళ్లలో టైపు ఇన్‌స్టిట్యూట్ల కాలం.

పదో తరగతి పరీక్షలు రాసిన మర్నాటి నుంచే పిల్లలను టైపులో చేర్పించడం తెలుగు మధ్యతరగతి ఇళ్లలో దశాబ్దాల పాటు ఆనవాయితీ. గంటకొక బ్యాచి. వేళ్లు మధ్య వరస మీద ఉంచి, మీటలు చూడకుండా, ఎడమ చేత్తో ఏ ఎస్ డి ఎఫ్, కుడి చేత్తో సెమీకోలన్ ఎల్ కె జె అంటూ రోజుల తరబడి అవే అక్షరాలు కొట్టించేవారు. చిటికెన వేలికి బలం చిక్కేదాకా ‘ఏ’ అక్షరం వెలిసినట్టుగా పడేది. ఆ తర్వాత రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి పరీక్షలు. ఇంగ్లిషు లోయరుకు నిమిషానికి 30 మాటలు, హయ్యరుకు 45. అయిదు మీటల దెబ్బలను ఒక మాటగా లెక్కిస్తారు కాబట్టి హయ్యరు పాసవ్వాలంటే నిమిషానికి 225 దెబ్బలు, అంటే సెకనుకు దాదాపు నాలుగు, తప్పు లేకుండా పడాలి. ఎంతోమంది ఆడపిల్లలకు కాలేజీ చదువు లేకుండానే ఆఫీసు గుమ్మం తొక్కే అర్హత ఈ సర్టిఫికెట్టుతోనే వచ్చింది. బడిపంతులు, నర్సు ఉద్యోగాల తర్వాత వాళ్లకు తెరుచుకున్న మూడో దారి ఇది.

తెలుగు టైపు వేరే విద్య. ఇంగ్లిషులో అక్షరం పక్కన అక్షరం పడుతూ పోతే చాలు. తెలుగులో తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వం, కింద వత్తు అన్నీ ఒకే చోట కుదరాలి. ఇంగ్లిషు అక్షరాల కొలతకు తయారైన మిషను మీద వీటిని ఇమడ్చడానికి అక్షరాలను ముక్కలు చేశారు. కొన్ని మీటలు నొక్కితే అచ్చు పడుతుంది కానీ క్యారేజీ కదలదు. ఆ తర్వాత కొట్టిన అక్షరం వచ్చి అదే చోట కూర్చుంటుంది. అందువల్ల తెలుగు టైపిస్టు కంటికి కనిపించే అక్షరం మొత్తాన్ని మనసులో విడగొట్టుకుని, ఏ ముక్క ముందు కొట్టాలో, ఏది తర్వాతో వేళ్లకు నేర్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం 1966లో వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షుడిగా అధికార భాషా సంఘం ఏర్పడింది. చట్టం చేసినంత మాత్రాన ఆఫీసులు తెలుగులోకి మారవని, తెలుగు మిషను, దాని మీద కూర్చునే మనిషి ఉంటేనే తెలుగు జీవో బయటికి వస్తుందని ఆ కాలంలో అందరికీ అర్థమైంది. పాలనలో తెలుగు గురించి రాసేవారు నాయకులను, పండితులను తలచుకుంటారు. ఆ భారం ఎక్కువగా మోసింది తెలుగు టైపిస్టులేనని గట్టిగా చెప్పవలసిన అవసరం ఉంది.

కలెక్టరు కార్యాలయాల్లోనూ సచివాలయంలోనూ టైపిస్టులు కూర్చునే చోటును ఫెయిర్ కాపీ సెక్షన్ అనేవారు. ఆమోదం పొందిన చిత్తు అక్కడికి వస్తుంది. నాలుగైదు కార్బన్లు పెట్టి కొడతారు. ఒక అక్షరం తప్పు పడితే పైకాగితం మీదే కాదు, కింది ప్రతి నకలు మీదా రబ్బరుతో చెరిపి దిద్దాలి. అడుగున ఉన్న నకలు మీద కూడా అచ్చు కనబడాలంటే వేలి దెబ్బ గట్టిగా పడాలి. కొట్టిన కాగితాన్ని చిత్తుతో పోల్చి చూసి, అడుగున ఎడమ పక్క టైపిస్టు పేరు పొడి అక్షరాలు వేసేవారు. ఆ ఉత్తరంలో తన పేరుకు ఆనవాలుగా టైపిస్టుకు మిగిలేది అదొక్కటే. ఈమెయిల్లో ఇప్పుడు మనం వాడే ‘సీసీ’ అన్న రెండక్షరాలు ఆ కార్బన్ కాపీ నుంచి వచ్చినవే.

స్టెన్సిలు, రోనియో

నాలుగైదు నకళ్లకు కార్బను చాలు. నాలుగు వందలు కావాలంటే? ఆ అవసరం తీర్చింది స్టెన్సిలు. హంగరీలో పుట్టి లండన్లో స్థిరపడిన డేవిడ్ గెస్టెట్నర్ 1880 ప్రాంతంలో సైక్లోస్టైల్ కలాన్ని, దాని వెంట నకళ్లు తీసే యంత్రాన్ని తయారుచేశాడు. అమెరికాలో ఎడిసన్ ఇదే సూత్రం మీద చేసిన పనిని ఏ.బి. డిక్ కంపెనీ 1887 నుంచి మిమియోగ్రాఫ్ పేరుతో అమ్మింది. మన ఆఫీసుల్లో ‘సైక్లోస్టైల్’, ‘రోనియో’ అన్న మాటలు స్థిరపడ్డాయి. రోనియో ఒక లండన్ కంపెనీ పేరు. ప్రభుత్వ పోస్టుల జాబితాల్లో రోనియో ఆపరేటరు అన్న పేరు ఆ యంత్రం పోయిన తర్వాత కూడా చాలాకాలం కొనసాగింది.

ఈ పని చూసినవారికి దాని ఓపిక తెలుసు. మైనం పూసిన పలుచని కాగితం స్టెన్సిలు. టైపు మిషన్లో రిబ్బను తగలకుండా మీట మార్చి, అచ్చులు నేరుగా దాని మీద పడేలా కొట్టాలి. అచ్చు పడిన చోట మైనం తొలగి, సిరా దిగే దారి ఏర్పడుతుంది. మెల్లగా కొడితే అక్షరం పడదు. మరీ గట్టిగా కొడితే సున్నా నడుమ ముక్క ఊడి వచ్చేస్తుంది. సున్నా మీద సున్నా వచ్చే తెలుగు లిపిలో ఇది ఎంత చిక్కో చెప్పనక్కర్లేదు. తప్పు పడితే గోళ్ల రంగులాంటి ద్రవం పూసి, ఆరనిచ్చి, దాని మీద మళ్లీ కొట్టాలి. తర్వాత స్టెన్సిలును ముడత పడకుండా డ్రమ్ముకు తగిలించి, ట్యూబు నుంచి సిరా పట్టించి, చేతి పిడి తిప్పుతారు. మొదటి పది కాగితాలు చెత్తబుట్టకే. సిరా పీల్చుకునే మెత్తటి డూప్లికేటింగ్ కాగితం వాడాలి; నున్నని కాగితమైతే అలుక్కుపోతుంది. రెండో వైపు కొట్టాలంటే మొదటి వైపు ఆరేదాకా ఆగాలి. మంచి స్టెన్సిలు వెయ్యి కాపీలు దాటి కూడా నిలుస్తుంది, నడిపే చేయి మంచిదైతే.

పరీక్ష ప్రశ్నపత్రాలు, మీటింగు నోటీసులు, యూనియన్ల కరపత్రాలు, లెక్చరర్ల నోట్సు ఇలాగే అచ్చయ్యేవి. 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా ఎమర్జెన్సీలో పత్రికల మీద సెన్సారు ఉన్నప్పుడు దేశమంతటా రహస్య పత్రాలు సైక్లోస్టైల్ మీదే తిరిగాయి. ప్రెస్సును మూయించడం తేలిక, తలుపు మూసిన గదిలో తిరిగే డ్రమ్మును పట్టుకోవడం కష్టం.

ప్రశ్నపత్రం విషయంలో ఆపరేటరు మీద ఉంచిన నమ్మకం గమనించదగ్గది. పిల్లల కంటే ముందు, చాలామంది పంతుళ్ల కంటే ముందు ఆ ప్రశ్నలు చదివేది అతనే. పని అయ్యాక స్టెన్సిలును, పాడైన కాగితాలను కాల్చేయడం కూడా అతని బాధ్యతే. ఇంత గుట్టు కాపాడే మనిషి పోస్టు, జీతాల పట్టికలో అటెండరుకు ఒక మెట్టు పైన ఉండేది, అంతే.

జిరాక్స్

జిరాక్స్ పద్ధతిని కనిపెట్టిన చెస్టర్ కార్ల్‌సన్ న్యూయార్క్‌లో ఒక ఎలక్ట్రికల్ కంపెనీ పేటెంటు విభాగంలో పనిచేసేవాడు. పత్రాలకు, బొమ్మలకు నకళ్లు ఎన్ని ఉన్నా చాలేవి కావు. రాత్రిపూట లా చదువుతూ లైబ్రరీ పుస్తకాలను చేత్తో ఎత్తి రాసుకునేవాడు. కీళ్లవాతంతో అదీ బాధే అయ్యేది. 1938 అక్టోబరు 22న ఆస్టోరియా అనే పేటలో అద్దె గదిలో, సహాయకుడు ఓటో కోర్నైతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. గంధకం పూసిన జింకు పలకను గుడ్డతో రుద్ది విద్యుదావేశం కల్పించారు. అద్దం మీద సిరాతో ఆ నాటి తేదీ, ఊరి పేరు రాసి, పలక మీద పెట్టి వెలుగు పడనిచ్చారు. వెలుగు పడిన చోట ఆవేశం పోయింది, సిరా నీడ పడిన చోట మిగిలింది. సన్నని పొడి చల్లి ఊదితే అక్షరాలు మాత్రమే మిగిలాయి. మైనం కాగితం అద్ది వేడి చేయగా అవి దాని మీదికి ఎక్కాయి.

ఈనాటి జిరాక్స్ మిషను చేసేది కూడా అదే పని. గంధకం పలక బదులు కాంతికి స్పందించే పూత ఉన్న డ్రమ్ము, పొడి బదులు ప్లాస్టిక్కు, నల్లరంగు కలిసిన టోనరు, మైనం బదులు టోనరును కరిగించి కాగితానికి అతికించే వేడి రోలరు వచ్చాయి. కార్ల్‌సన్ ఆలోచనను చాలా కంపెనీలు కాదన్నాయి. 1944లో బాటెల్ పరిశోధన సంస్థ, తర్వాత హాలాయిడ్ అనే ఫొటో కాగితాల కంపెనీ చేయి కలిపాయి. 1959లో వచ్చిన జిరాక్స్ 914 మిషను బరువు 300 కిలోలకు దగ్గర. నిమిషానికి ఏడు కాపీలు తీసేది. 9 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవు కాగితం దాకా పనికొస్తుంది కాబట్టి ఆ పేరు. గ్రీకులో ‘పొడి రాత’ అని అర్థమిచ్చే మాట నుంచి పుట్టిన ఆ కంపెనీ పేరు తెలుగులో మామూలు మాట అయిపోయింది. ‘జిరాక్స్ తీయించు’ అనని ఊరు మనకు లేదు.

భారతదేశంలో 1980లలో మోడీ గ్రూపుతో కలిసి జిరాక్స్ సంస్థ అడుగుపెట్టాక, ఆఫీసు గదిలోని యంత్రం వీధిలోకి వచ్చింది. కోర్టు సెంటరు, తాసిల్దారు ఆఫీసు, రిజిస్ట్రారు ఆఫీసు, యూనివర్సిటీ గేటు ఎదుట జిరాక్స్ కొట్లు వెలిశాయి. హైదరాబాదులో అమీర్‌పేట వీధులు కోచింగు నోట్సుల కాపీలకు పేరుపడ్డాయి.

ఈ పని మీట నొక్కడమే అనుకోవడం పొరపాటు. వెలిసిన పాత పహాణీ నకలు, పసుపెక్కిన స్టాంపు కాగితం మీద దస్తావేజు రాత, నీలి సిరాతో వేసిన రబ్బరు ముద్ర — వీటికి వెలుగు ఎంత తగ్గించాలో ఎంత పెంచాలో చూపులోనే తెలియాలి. ముదురు చేస్తే కాగితం మరకలన్నీ రాతతో పాటు వస్తాయి; పలచన చేస్తే సంతకం మాయమవుతుంది. వానాకాలం రిమ్ము తేమ పడితే కాగితాలు రెండేసి పోయి ఇరుక్కుంటాయి, అందుకే కట్ట విప్పగానే అంచులు విసనకర్రలా విదిలించి పెడతారు. చీలిపోయే పాత కాగితాన్ని అద్దం మీద పరిచి మళ్లీ అంతే పదిలంగా తిరిగి ఇవ్వాలి. పిన్ను ఒకటి లోపలికి పోతే డ్రమ్ము గీతపడుతుంది. ఆ గీత ఆ తర్వాతి ప్రతి కాపీ మీదా కనిపిస్తుంది.

కాపీ తీయడం ఎక్కడిదాకా న్యాయం అన్న ప్రశ్న కూడా ఒక జిరాక్స్ కొట్టు నుంచే పెద్ద కోర్టుకు వెళ్లింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని రామేశ్వరి ఫొటోకాపీ సర్వీసెస్ మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి తదితర ప్రచురణ సంస్థలు దావా వేశాయి. పాఠ్యాంశాల కోసం పుస్తకాల్లోంచి భాగాలు తీసి కట్టలుగా ఇవ్వడం 1957 కాపీరైటు చట్టం బోధనకు ఇచ్చిన మినహాయింపులోకి వస్తుందని ఢిల్లీ హైకోర్టు 2016 సెప్టెంబరులో తీర్పు చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో డివిజన్ బెంచి కూడా, బోధనకు అవసరమైనంత మేరకు అది చెల్లుతుందన్న సూత్రాన్ని నిలబెట్టింది.

కోర్టు నకలు

కాపీ తీయడం ఎంత గంభీరమైన పనో కోర్టులో చూడాలి. జిల్లా కోర్టుల్లో కాపీయిస్టు, టైపిస్టు, ఎగ్జామినరు అని విడివిడి పోస్టులు ఉన్నాయి. కాపీయిస్టు తయారుచేసిన నకలును ఎగ్జామినరు అసలుతో అక్షరం అక్షరం సరిచూస్తాడు. సర్టిఫై అయిన నకలుకు సాక్ష్య విలువ ఉంటుంది. 1872 సాక్ష్య చట్టం ఆ విలువ ఇచ్చింది, 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం దాన్ని కొనసాగించింది. నకలు మీద దరఖాస్తు ఇచ్చిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ వేస్తారు. ఆ తేదీలు అలంకారం కావు. 1963 కాలపరిమితి చట్టం 12వ సెక్షన్ ప్రకారం, తీర్పు నకలు పొందడానికి పట్టిన కాలాన్ని అప్పీలు గడువు నుంచి మినహాయిస్తారు. నకలు మీద ఒక తేదీ తప్పు పడితే అప్పీలు చేసుకునే హక్కే చిక్కులో పడొచ్చు.

రిజిస్ట్రేషను ఆఫీసుల్లో దస్తావేజులను పుస్తకాల్లోకి చేత్తో ఎత్తి రాసే పద్ధతి వందేళ్లకు పైగా నడిచింది. ఆంధ్రప్రదేశ్‌లో 1998 నవంబరులో ‘కార్డ్’ పేరుతో కంప్యూటర్లు వచ్చి ఆ పనిని స్కానరుకు అప్పగించాయి.

నకళ్ల నుంచి లెక్కల వైపు వస్తే, బ్యాంకుల్లో లెక్కల మిషన్లు, మీటలు నొక్కి కూడికలు చేసే కంప్టోమీటర్లు నడిపేవారికి ప్రత్యేక అలవెన్సు ఉండేది. అక్కడ యంత్రం రావడం మామూలు మార్పుగా సాగలేదు. కంప్యూటర్లు ఉద్యోగాలు తినేస్తాయన్న భయంతో 1960ల్లో కలకత్తాలో జీవిత బీమా ఉద్యోగులు పెద్ద ఆందోళన చేశారు. బ్యాంకుల్లో కంప్యూటర్ల మీద 1983లో యూనియన్లకు, యాజమాన్యాలకు ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడాది ఇదే విషయం మీద రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది. ఆందోళన చేసినవారిని అభివృద్ధి నిరోధకులని తేలిగ్గా కొట్టిపారేస్తారు కానీ, వాళ్ల భయం ఉద్యోగాలు పోతాయనే కదా. ఎవరినీ తీసేయకూడదని బేరం చేసుకోగలిగిన చోట యంత్రంతో పాటు మనిషీ నిలబడ్డాడు.

కీబోర్డు మారినా

కంప్యూటరు వచ్చాక టైపిస్టు డీటీపీ ఆపరేటరయ్యాడు. తెలుగులో ఇది మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడమే. అను ఫాంట్లతో యాపిల్ కీబోర్డు నేర్చినవారు ఒక జట్టు, మాడ్యులర్ కీబోర్డు నేర్చినవారు ఇంకో జట్టు. ఒకరి చేతివాటం ఇంకొకరికి పనికిరాదు. 1991లోనే అన్ని లిపులకూ ఉమ్మడి ప్రమాణమైన యూనికోడ్‌లో తెలుగుకు చోటు దొరికినా పత్రికలు, ప్రెస్సులు, డీటీపీ సెంటర్లు చాలా ఏళ్లపాటు పాత ఫాంట్లనే పట్టుకుని ఉన్నాయి. ఆ ఫాంట్లలో కొట్టిన వేలాది పుస్తకాలు ఇవాళ వెతికితే దొరకని అక్షరాలుగా పడి ఉన్నాయి. వాటిని మార్చి, తప్పులు దిద్ది యూనికోడ్‌లోకి తెచ్చే పని ఇప్పటికీ ఆపరేటర్ల చేతుల మీదే జరుగుతోంది.

ఆఫీసు కౌంటరు దగ్గర ఆపరేటరు కొత్త రూపం మీసేవ. 2011లో మొదలైన ఈ కేంద్రాల్లో కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, అడంగల్ నకలు వంటివన్నీ ఆపరేటరు వేళ్ల మీదుగా పోతాయి. ఆంధ్రప్రదేశ్ గ్రామ సచివాలయాల్లో 2019 నుంచి డిజిటల్ అసిస్టెంట్లు ఉన్నారు. పేరులో ఒక్క అక్షరం, ఆధార్‌లో ఒక్క అంకె తప్పు పడితే ఒక ముసలమ్మ పింఛను ఆగుతుంది. ఆ తప్పు దిద్దించుకోవడానికి ఆమె ఎన్ని ఆఫీసులు తిరగాలో ఊళ్లలో ఉన్నవారికి తెలుసు.

ఒంటి మీద పడే భారం

మెడ, భుజాలు, మణికట్టు ముందు దెబ్బతింటాయి. మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోయి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కడం కీబోర్డు మీద బతికేవారికి తెలిసిన బాధ. జిరాక్స్ మిషను నుంచి టోనరు రేణువులు, కొద్దిగా ఓజోన్ వాయువు వెలువడతాయి. 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో కోయంబత్తూరు జిరాక్స్ కొట్లలో పనిచేసేవారి రక్తంలో వాపును సూచించే గుర్తులు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. కిటికీ లేని ఇరుకు కొట్టులో మూడు మిషన్లు పెట్టి పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబెట్టడం మన దగ్గర మామూలు. గాలి బయటికి లాగే ఒక ఫ్యాను, టోనరు మార్చేటప్పుడు ముక్కుకు గుడ్డ, కూర్చోవడానికి సరైన ఎత్తు కుర్చీ ఉంటే చాలా మేలు. వీటికి ఖర్చు పెద్దది కాదు.

జీతం విషయానికొస్తే, ప్రభుత్వ కార్యాలయాల్లో డేటా ఎంట్రీ ఆపరేటర్లలో ఎక్కువమంది అవుట్‌సోర్సింగు మీద ఉన్నవారే. పక్క సీటులో జూనియర్ అసిస్టెంటు చేసే పనే చేస్తూ ఏళ్ల తరబడి అదే జీతం మీద ఉండిపోతున్నారు. తాత్కాలిక ఉద్యోగులైనా శాశ్వత ఉద్యోగులతో సమానమైన పని చేస్తే, ఆ పోస్టు కనీస వేతనం వారికి ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016 అక్టోబరు 26న పంజాబు ఉద్యోగుల కేసులో చెప్పింది. ఆ తీర్పు మన ఆఫీసుల ఆపరేటర్లకు ఇంకా పూర్తిగా చేరలేదు, చేరాలి. పోస్టుకు యంత్రం పేరు పెట్టడం కూడా మానాలి. పత్రాల సహాయకుడు అనో, నకళ్ల అధికారి అనో పిలిస్తే, యంత్రం మారినప్పుడు మనిషిని మార్చే సాకు ఉండదు.

యంత్రాలు ఎన్ని మారినా చేతిపనికి ఉన్న గిరాకీ పూర్తిగా పోలేదు. 2022లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు జిల్లా కోర్టుల కోసం ఇచ్చిన ఉద్యోగ ప్రకటనల్లో కాపీయిస్టు, టైపిస్టు పోస్టులు ఉన్నాయి. వాటికి అడిగిన అర్హతల్లో ఇంగ్లిషు టైపు హయ్యరు ఉంది, నిమిషానికి 45 మాటలు.